మామయ్య ముట్టని గిన్నె

నా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే మా ఇంటికి వచ్చినవాళ్ళ చెప్పులన్నీ స్నానాల తొట్టిలోకి చేరేవి. మేము కువైట్‌లో, ఫింటాస్ అనే పేటలో ఒక మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు, నాన్న ఒక కంపెనీ గోడౌన్‌లో గుమాస్తా. యుద్ధానికి ముందు మాట ఇది. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మనవాళ్ళ ఆదివారపు ఆరాధన అక్కడ శుక్రవారం జరిగేది, ఇప్పటికీ అలాగే జరుగుతుంది. గోదావరి వాళ్ళూ కడప వాళ్ళూ కలిసి పాతికమంది దాకా మా ముందుగదిలో తివాచీ మీద కూర్చునేవాళ్ళు. అన్ని జతల చెప్పులు గుమ్మం బయట కనిపిస్తే ఈజిప్టు కాపలాదారు వెళ్ళి ఇంటి యజమానికి ఏం మోస్తాడోనని నాన్నకు అనుమానం. అందుకని వచ్చినవాళ్ళు వచ్చినట్టే చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, తొట్టిలో వేసి, ఆ తర్వాత వందనాలు చెప్పుకునేవాళ్ళు. కిటికీలు మూసి, పాటలు కూడా గొంతు తగ్గించి పాడేవాళ్ళం.

నాన్న అనుమానమే నాకూ వచ్చింది. అమ్మ నన్ను అనుమానప్పక్షి అనేది. పెరుగు డబ్బా మూత కాస్త వదులుగా ఉంటే ఎవరో తినగా మిగిలింది నాకు పెడుతున్నారనుకునేదాన్ని. సెలవుల్లో ఊరికి వెళ్తున్నామంటే ముందు టిక్కెట్టు చూపించమనేదాన్ని. అన్నిటికన్నా పెద్ద అనుమానం నాకు పాపం మీద ఉండేది. ప్రతి శుక్రవారం పెద్దవాళ్ళు పాపం గురించి అంత గట్టిగా మాట్లాడతారే, అది ఎలా ఉంటుందో మాత్రం ఒక్కరూ చెప్పరు. అడిగితే అమ్మ కళ్ళెర్రజేసేది. పిల్లలకు అందకుండా పైఅరలో పెట్టే మిఠాయిలాంటిదేదో అయి ఉంటుందనీ, పెద్దవాళ్ళు మనకు పెట్టకుండా తినేసి ఆ తర్వాత మూతి తుడుచుకుని పశ్చాత్తాపపడతారనీ నేను లోలోపల తేల్చేసుకున్నాను. ఆ మాట పైకి అంటే వీపు విమానం మోత మోగేది కాబట్టి అనలేదు.

ఆ అనుమానాన్ని పెంచి పెద్ద చేసింది మా చిన్నమామయ్య. ఆయన అమ్మకు తమ్ముడు. నాన్నే తిప్పలు పడి వీసా తెప్పించి, ఒక దుకాణంలో సరుకులు చేరవేసే డ్రైవరుగా పెట్టించాడు. వచ్చిన కొత్తలో మా ఇంట్లోనే ఉండేవాడు. శుక్రవారం పూట డోలక్ ఆయనదే. ఆయన వేళ్ళు ఆడుతుంటే గొంతు తగ్గించి పాడాలన్న సంగతి అందరికీ మరుపొచ్చేది, నాన్న లేచి చేత్తో సైగ చేయాల్సివచ్చేది. ఆ తర్వాత ఆయన తోటి డ్రైవర్లతో ఫహాహీల్ దగ్గర ఒక గదిలో దిగాడు. ఓవర్‌టైం అని ఒక శుక్రవారం రాలేదు. ఒంట్లో బాగాలేదని మరో శుక్రవారం రాలేదు. కొన్నాళ్ళకు సాకులు చెప్పడం కూడా మానేశాడు. ఆ గదిలో చక్కెర, ఈస్టు వేసి దొంగచాటుగా సారా పెడతారని, మామయ్య అందులోనే మునిగి తేలుతున్నాడని మా ఇంటికి కబురు వచ్చింది. ఆ దేశంలో అది ఎంత ప్రమాదమో అందరికీ తెలుసు. పట్టుబడితే జైలు, ఆ తర్వాత విమానం.

మావాళ్ళు దానికి ఒకే మాట వాడేవాళ్ళు. లోకంలో పడ్డాడు అనేవాళ్ళు. డోలక్ గోడకు వేలాడుతూ ఉండిపోయింది. అమ్మ ప్రతి శుక్రవారం ఆయన పేరు ఎత్తి ప్రార్థన చేసి ఏడ్చేది. నాకు మాత్రం ఆయన మీద కోపం కన్నా కుతూహలమే ఎక్కువగా ఉండేది. మా ఇంట్లో తలుపులు మూసి చేసేది ప్రార్థన. ఆయన గదిలో తలుపులు మూసి చేసేది పాపం. ఇంత మంచి డోలక్‌ను వదిలి వెళ్ళాడంటే ఆ తలుపుల వెనక ఉన్నది మా దగ్గర ఉన్నదాని కన్నా గొప్పదే అయి ఉండాలి కదా అనుకునేదాన్ని.

ఏడాది దాటాక ఒక సాయంత్రం ఆయన చేతిసంచితో మా గుమ్మం ముందు నిలబడ్డాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. అమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. నాన్న ఏమీ అడగకుండా ముందుకు వంగి ఆయన మెడ దగ్గర వాసన చూశాడు. అంత పెద్దమనిషిని ఎవరైనా వాసన చూడగా నేను చూడటం అదే మొదటిసారి. మామయ్య కూడా తల దించుకుని చూడనిచ్చాడు. ఆయన బట్టలు అమ్మ బకెట్లో నానబెట్టినప్పుడు నేను కూడా వెళ్ళి వంగి చూశాను. పాడైన పండులాంటి పుల్లటి వాసన, ముక్కు లోపల గుచ్చినట్టు వచ్చింది. ఆ వాసన నాకు బాగా గుర్తుండిపోయింది.

ఇంట్లో పెట్టుకున్నారే గాని ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయిందేమో, అందుకే దేవుడు గుర్తొచ్చాడని ఒకరన్నారు. గదిలోవాళ్ళు తరిమేసి ఉంటారని ఇంకొకరు. నాన్న రోజూ సాయంత్రం ఇంటికి రాగానే మామయ్య పక్కన సోఫాలో కూర్చునేవాడు, ప్రేమతో అనుకునేరు, వాసన కోసం. నేనైతే పూర్తిగా కాపలా పనిలో దిగిపోయాను. ఆయన నోట్లో ఎప్పుడూ లవంగం ఉండేది. వాసన రాకుండా అన్నమాట అనుకున్నాను. టీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణికేది. భయపడుతున్నాడన్నమాట. స్నానాలగదిలో చాలాసేపు ఉంటే తలుపుకు చెవి ఆనించి వినేదాన్ని. కుళాయి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు, అదే అన్నిటికన్నా అనుమానంగా ఉండేది.

సాయంత్రాలు ఆయన సముద్రం దాకా నడిచి వెళ్ళేవాడు. ఎవరినో కలవడానికేనని నా నమ్మకం. నేనూ వస్తానని పేచీ పెట్టి వెంటపడ్డాను. ఆయన ఎవరినీ కలవలేదు. ఒక రాయి మీద కూర్చుని నీళ్ళవైపు చూస్తూ లవంగం నమిలాడు. ఇక ఉండబట్టలేక, ఆ గదిలో ఏముండేదని అడిగాను.

"ఏముంటాదే అమ్మలూ? నాలుగు మంచాలు, ఒక టీవీ."

"అది కాదు మామయ్యా. పాపం."

ఆయన నావైపు తిరిగాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "ఏం లేదే," అన్నాడు. "ఏదో ఉందనుకునే ఎల్తాం. తలుపు తీస్తే ఏం ఉండదు. ఏం లేదని ఒప్పుకోడానికి సిగ్గేసి అక్కడే కూర్చుండిపోతాం."

ఆ మాట నేను ఇసుమంతైనా నమ్మలేదు. ఏమీ లేనిదాని కోసం మనిషి ఏడాదిపాటు అక్కను, పాటలను, దేవుణ్ణి వదులుకుని కూర్చుంటాడా? దాస్తున్నాడు, పిల్లదాన్ని కదా అని కబుర్లు చెబుతున్నాడు అనుకున్నాను. తిరిగి వచ్చేదారంతా ఆయన చెయ్యి పట్టుకుని నడిచాను గాని మనసులో మాత్రం ఆయన జేబులు వెతుకుతూనే ఉన్నాను.

అప్పటికి నాన్న ఓపిక అయిపోవచ్చింది. తాగుబోతును ఇంట్లో పెట్టుకున్నాడని నలుగురూ అనుకుంటున్నారన్నది ఒక బాధ. ఈయన వెనకాల పోలీసులు మా ఇంటికి వస్తారేమో, అమ్మ ఉద్యోగం ఏమవుతుందోనన్నది ఇంకో భయం. అన్నాల దగ్గర ఒక రోజు ఖరాఖండిగా చెప్పేశాడు. నెలలో మొదటి శుక్రవారం మాకు బల్ల ఉండేది. ప్రభువు బల్ల అంటే రొట్టె విరిచి, ద్రాక్షరసం గిన్నె ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకోవడం. మనసులో పాపం పెట్టుకున్నవాడు దాన్ని ముట్టడు, ముట్టకూడదు. "సంఘపెద్దగారితో మాట్లాడేను. ఈ శుక్రవారం అందరి ముందూ ఒప్పుకుని బల్ల తీసుకో. తీసుకుంటే ఈ ఇంట్లోనే ఉండు, డోలక్ నీదే. తీసుకోలేదా, ఖలాస్. నీ దారి నీదే." మామయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, అలాగే బావా అన్నాడు. అమ్మ వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు సర్దింది.

ఇక్కడ కడప అవ్వ గురించి చెప్పాలి. అవ్వ మాకు చుట్టం కాదు. మా వీధికి కాస్త ఎగువన ఒక కువైటీవాళ్ళ ఇంట్లో వంటచేసేది. అందరూ అవ్వా అనే పిలిచేవాళ్ళు, సంఘపెద్దగారితో సహా. బల్లకు కావలసిన ద్రాక్షరసం చేసి తెచ్చే బాధ్యత ఆమెది. బజారులో దొరికే రసాల్లో ఏం కలుపుతారో ఏమోనని ఆమె అనుమానం, ఆ విషయంలో ఆమె నాకు తీసిపోదు. ఎండుద్రాక్ష వేడినీళ్ళల్లో నానబెట్టి, చేత్తో పిసికి, పాత పంచె గుడ్డలో వడగట్టి, సీసాలో పోసి కొంగు కింద దాచి తెచ్చేది. గురువారం సాయంత్రం చేసి శుక్రవారం పొద్దున్నే తేవడం అలవాటు. ఆ పని ఇంకొకరికి ఇవ్వమంటే ఒప్పుకునేది కాదు. ఊళ్ళో గుడిసె, పరాయి దేశంలో పరాయివాళ్ళ పొయ్యి, ఆమెకంటూ ఉన్నది ఈ సీసా ఒక్కటే అని అమ్మ అంటుండేది.

ఆ వారమంతా దుమ్ముగాలి. ఆకాశం పసుపు రంగుకు తిరిగి, మూసిన కిటికీల సందుల్లోంచి కూడా ఇసుక పొడి లోపలికి దిగేది. ఇంటింటా జలుబులు. శుక్రవారం పొద్దున అవ్వ సీసా తీసుకుని వంటగదిలోకి వచ్చేసరికి నేను అక్కడ ఉల్లిపాయలు వలుస్తున్నాను. "మా మామా కూతురు కాన్పుకొచ్చిందమ్మే. ఇల్లంతా చుట్టాలే. గురువారం నాకు పొయ్యి సందు దొరకదని సోమవారమే చేసి పెట్టినా," అంది అమ్మతో. వాళ్ళ ఫ్రిజ్‌లో పెడితే పిల్లలు తాగేస్తారని మిద్దె మీద తన గదిలో మంచం కింద దాచిందట. మామా అంటే ఆమె పనిచేసే ఇంటావిడ. అమ్మ ముక్కు చీదుకుంటూ మంచి పని చేశావులే అవ్వా అని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. అవ్వ మూత తిప్పగానే సీసా బుస్సుమంది. "ఎండకు ఉడుకెక్కింటాదిలే," అని తనలో తానే అనుకుని గిన్నెలోకి వంపింది. గిన్నె అని పిలిచేవాళ్ళమే గాని అది కాడ ఉన్న గాజు గ్లాసు.

ఆరోజు ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చారు. తొట్టి నిండి చెప్పులు నేల మీద కూడా పరిచారు. అందరూ మామయ్య సాక్ష్యం వినడానికే వచ్చారని నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అందుకే ముందువరసలో కూర్చున్నాను. ఇవాళైనా పాపమంటే ఏమిటో బయటపడుతుంది అనుకున్నాను. మామయ్య లేచి నిలబడి, దేవుణ్ణి వదిలేసి వెళ్ళాననీ, తాగాననీ, అక్కా బావలకు తలవంపులు తెచ్చాననీ, క్షమించమనీ చెప్పి కూర్చోబోయాడు. జనం తృప్తిపడలేదు. వెనక నుంచి ఒకాయన, "సోదరా, కాస్త వివరంగా చెబితే అందరికీ ఆశీర్వాదకరంగా ఉంటుంది కదండీ," అన్నాడు. మామయ్య మళ్ళీ నిలబడి, వివరంగా చెప్పడానికి అక్కడేం లేదండి అన్నాడు. పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దాస్తున్నాడని అందరికీ అనిపించింది.

రొట్టె వచ్చింది. మామయ్య తీసుకున్నాడు, తీసుకునేటప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. తర్వాత గిన్నె బయలుదేరింది. ఒక్కొక్కరూ చిన్న గుక్క తీసుకుని, అంచు గుడ్డతో తుడిచి పక్కవాళ్ళకు ఇస్తున్నారు. జలుబు ముక్కులు, మూసిన కళ్ళు. నాన్న అయితే చూపంతా మామయ్య మీదే పెట్టి గుక్క మింగేశాడు. ఒకరిద్దరు కాస్త మొహం చిట్లించారు గాని, ప్రభువు గిన్నె పుల్లగా ఉందని ఎవరంటారు? గిన్నె మామయ్య చేతికి వచ్చింది. ఆయన పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. తల ఎత్తి గదికి ఆ చివర కూర్చున్న అవ్వ వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. ఆయన గిన్నెను మెల్లగా దించి, అంచు తుడిచి, తాగకుండా పక్కాయనకు అందించాడు.

కళ్ళు మూసుకున్నవాళ్ళందరూ చూశారు.

ఆ తర్వాత ఆ గదిలో జరిగినదంతా గుసగుసల్లోనే జరిగింది. రొట్టె తిన్నవాడికి గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఏ పాపం గుర్తొచ్చిందో అని ఒకరు. వారం లోపలే మళ్ళీ తాగి ఉంటాడని ఇంకొకరు. సంఘపెద్దగారు ముగింపు ప్రార్థన చేసి, మామయ్యను దగ్గరికి పిలిచి ఎందుకు నాయనా అని అడిగారు. "ఈసారికి నన్నొగ్గెయ్యండి అయ్యా," అన్నాడు మామయ్య, అంతకు మించి పెదవి విప్పలేదు. నాన్న మొహం చూస్తే భయం వేసింది. ఆయన చేత్తో లోపలి గది వైపు చూపించాడు. మామయ్య వెళ్ళి సంచిలో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, ఒక్క గుక్కే కదరా, ఒక్క గుక్క తాగితే ఏం పోయేదిరా అని ఏడుస్తోంది.

నా అనుమానం నిజమైంది కదా, గర్వపడాలి. గర్వం రాలేదు. మామయ్య తిరిగి ఆ గదికే పోతాడు, ఇంక ఆయనకు వేరే చోటు లేదు, ఆ సంగతి నాకు కూడా తెలుసు. సముద్రం నుంచి వస్తూ నేను పట్టుకున్న ఆయన చెయ్యి గుర్తొచ్చి ఏడుపు ముంచుకొచ్చింది. ఎవరికీ కనపడకుండా వంటగదిలోకి వెళ్ళాను. పులావు గిన్నె మూత కూడా ఎవరూ తీయలేదు. గట్టు మీద అవ్వ సీసా ఉంది, అడుగున ఇంకా మిగిలి ఉంది. బాప్తిస్మం కాని పిల్లలకు బల్ల ఇవ్వరు కాబట్టి దాని రుచి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఒక్క గుక్క కోసం ఇంత గొడవా, అసలిందులో ఏముందని మూత తీశాను.

సీసాలోంచి మామయ్య చొక్కా వాసన వచ్చింది.

అదే పాడైన పండు వాసన, ముక్కు లోపల గుచ్చేది. కాస్త నాలుక మీద వేసుకుని వెంటనే సింకులో ఉమ్మేశాను. పులుపు, చేదు, గొంతులో మంట. మొదట నాకు తోచింది ఏమిటంటే, మామయ్యే ఇందులో సారా కలిపాడని. అనుమానప్పక్షికి ఇంకేం తోస్తుంది? కాని ఆయన వంటగదిలోకి అడుగే పెట్టలేదు. కలిపినవాడైతే తాగకుండా ఎందుకుంటాడు? అప్పుడు సోమవారం అన్న మాట, మంచం కింద అన్న మాట, బుస్సుమన్న చప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏమ్మే, ఏం చేస్తాండావ్ ఈడ?" అంటూ అవ్వ వచ్చింది. నేను సీసా చాపి, వాసన చూడు అవ్వా అన్నాను. ఆమె చూసింది. రెండోసారి కూడా చూసి, పక్కనున్న బియ్యం డబ్బా మీద కూలబడింది. ఇన్నేళ్ళలో ఆమె తెచ్చిన దానికి ఎవరూ వంక పెట్టలేదు. పైగా అది పులిసిపోయి సారా అయిందని, దాన్ని కువైటీవాళ్ళ ఇంట్లో చేసిందని ఆ మామా చెవిన పడితే సాయంత్రానికల్లా పెట్టె సర్దిస్తుంది. అవన్నీ అవ్వ మొహంలో ఒకదాని తర్వాత ఒకటి కనిపించాయి. "వాడు తాగబోయి నా తట్టు చూసినాడు. చూసినట్టు నాకు అనిపించింది," అంది మెల్లగా.

ఆమె లేచి సీసా తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళింది, కుళాయి తిప్పింది. పారబోసేస్తోంది అనుకున్నాను. పారబోసి కడిగేస్తే ఇక సాక్ష్యం ఏమీ ఉండదు, నా మాట ఎవరు నమ్ముతారు? నీళ్ళు పడుతూ ఉన్నాయి, సీసా ఆమె చేతిలో ఉంది. కాసేపటికి ఆమె కుళాయి కట్టేసింది. కొంగు నడుముకు దోపుకుని, సీసా కొంగు కింద దాచకుండా అందరికీ కనిపించేలా చేతిలో పట్టుకుని ముందుగదిలోకి నడిచింది.

"అయ్యా, ఆ పిల్లోడు గిన్నె ముట్టలేదంటే పాపం చేసి కాదు," అంది సంఘపెద్దగారితో. "నేను తెచ్చింది పులిసిపోయింది. ఆ వాసన ఏందో మనలో వానికొక్కనికే తెల్సు. తెల్సి కూడా, చెప్తే ఈ ముసల్దాని పరువు పోతాది, పని పోతాదని నోరు మూసుకున్నాడు. మీరందరూ అనరాని మాటలంటాంటే పడినాడు. వాని మూట విప్పించండయ్యా. తప్పు నాది."

సంఘపెద్దగారు సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నారు గాని, దుమ్ముకు మూసుకుపోయిన ముక్కుకు ఏమీ తెలియలేదు. నాన్నకు అందించారు. వాసన చూడటంలో మా ఇంట్లో నాన్నను మించినవాళ్ళు లేరు. ఆయన చూశాడు. మళ్ళీ చూడలేదు. ఆయన మొహం మీదికి రక్తం పొంగి రావడం నాకు కనిపించింది. ఒక్క గుక్క తాగితే ఏం పోయేదిరా అని ఏడ్చిన అమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. తాగి ఉంటే తమ్ముడు మళ్ళీ ఎక్కడికి పోయేవాడో ఆమెకు అప్పుడు తెలిసింది.

అప్పటికే మామయ్య సంచి భుజాన వేసుకుని స్నానాలగది గుమ్మంలో వంగి, ఆ చెప్పుల కుప్పలోంచి తన బూట్లు వెతికి తీసుకుంటున్నాడు. ముందుగదిలో అవ్వ అన్నది ఆయన విన్నాడో లేదో తెలియదు. నాన్న వెళ్ళి ఆయన చేతుల్లోంచి బూట్లు తీసుకున్నాడు. మా నాన్నకు క్షమించమని అడగడం చేతకాదు, చివరిదాకా చేతకాలేదు. ఆ బూట్లను మళ్ళీ తొట్టిలో, తన చెప్పుల పక్కన పెట్టి వచ్చాడు. "పులావు చల్లారిపోతాంది, రండి," అంది అవ్వ. ఆ మధ్యాహ్నం అందరూ ఎక్కువసేపు కూర్చున్నారు, తక్కువ మాట్లాడారు. మా ఇంట్లో జరిగినది మా గుమ్మం దాటలేదు, అవ్వ పని పోలేదు.

మర్నాడు సాయంత్రం నేను మళ్ళీ మామయ్యతో సముద్రానికి వెళ్ళాను. ఈసారి కాపలాకు కాదు. అయినా నా నోరు ఊరుకోదు కదా, అందరూ తాగుతుంటే ఎందుకు ఆపలేదని నిలదీశాను. ఒక గుక్కతో వాళ్ళకేం కాదు, నాకవుద్ది అన్నాడు. నేను రుచి చూశానని చెప్పేశాను. ఆయన ఉలిక్కిపడి నావైపు చూశాడు. ఏమీ బాగోలేదు మామయ్యా, దీని కోసమా నువ్వు వెళ్ళింది అన్నాను. ఆయన నవ్వలేదు.

"బాగోదే. మొదట్లోనూ బాగోదు, ఆఖర్లోనూ బాగోదు. మధ్యలో బాగుందని మనకి మనమే చెప్పుకుంటాం. గదిలో నలుగురం ఉంటే నలుగురం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుంటాం."

ఆ మాట మాత్రం నమ్మాను, నా నాలుక మీద ఇంకా ఆ చేదు ఉంది కాబట్టి. పైఅరలో ఏమీ లేదని నాకు తెలిసింది ఆరోజే. ఆ తర్వాత జీవితంలో నాకు కూడా తలుపులు మూసి ఉన్న గదులు కొన్ని ఎదురయ్యాయి, తీసి చూద్దామన్న కోరికా పుట్టింది. అలాంటప్పుడల్లా సింకులో ఉమ్మేసిన ఆ రుచి గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. ప్రతిసారీ తిరిగానని అబద్ధం చెప్పను. మామయ్య కూడా ఆ తర్వాత ఎప్పుడూ జారలేదని చెప్పలేను. ఒకసారి జారాడు. ఈసారి ఏడాది పట్టలేదు, తనే వచ్చి అందరికన్నా ముందు నాన్నతో చెప్పాడు. నాన్న పక్కకు జరిగి సోఫాలో చోటిచ్చాడు. డోలక్ మళ్ళీ గోడకు ఎక్కలేదు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. యుద్ధం వచ్చి వెళ్ళాక, పెళ్ళయ్యాక నేను మళ్ళీ కువైట్‌కే వచ్చాను, ఫింటాస్‌లోనే ఉంటున్నాను. యుద్ధం తర్వాత తనూ తిరిగొచ్చిన అవ్వ, ఊరికి వెళ్ళిపోయే ముందు ఎండుద్రాక్ష పని నాకు అప్పజెప్పింది. గురువారం సాయంత్రమే చేస్తాను, నా ఫ్రిజ్‌లోనే పెడతాను. మహబూలాలో పనివాళ్ళుండే గదుల నుంచి కుర్రాళ్ళు బస్సు దిగి శుక్రవారం పొద్దున్నే వస్తారు. వాళ్ళ చెప్పులు ఇప్పటికీ మా తొట్టిలోనే. మా మనవరాలు వాటిని చూసి నవ్వుతుంది.

నా అనుమానం ఎక్కడికీ పోలేదు. ముసలితనంలో ఇంకాస్త ముదిరిందని మా పిల్లలంటారు. ఎప్పుడైనా ఒక కుర్రాడు గిన్నె పెదవుల దాకా తెచ్చి, తాగకుండా పక్కవాడికి అందించేస్తాడు. కళ్ళు మూసుకున్నవాళ్ళందరూ చూస్తారు, ఇప్పటికీ. నేను మాత్రం మోకాళ్ళు పట్టుకుని లేచి వంటగదిలోకి వెళ్తాను. వాడి మొహం చూసే ముందు సీసా వాసన చూస్తాను.